పోగులు చదువ నేర్చిన యంత్రము

మూడేండ్ల క్రిందట మా యింట నొక పెండ్లి జరిగినది. పెట్టుపోతల నిమిత్తము పట్టణములోని ఒక పెద్ద దుకాణమునకు పోయి ఆరు పోచంపల్లి చీరలు కొంటిమి. దుకాణదారు మర్యాదస్తుడు. చీర మడతలు విప్పి బల్లపై పరచి, కొంగును గాలిలో ఆడించి చూపినాడు. ముదురెరుపు నేల, దానిమీద తెల్లని పలకలు, పలకల నడుమ ఏనుగులు, చిలుకలు. ప్రతి బొమ్మ అంచునను ఆ బట్టకు సహజమైన చెమ్మగిల్లినట్టి గీత కూడ నున్నది. ధర కొంచెము తక్కువగానే తోచినది. తక్కువకు దొరికెనని సంతసించితిమే కాని, ఏల తక్కువయ్యెనని ఆలోచింపలేదు.

పెండ్లికి వచ్చినవారిలో భూదాన్ పోచంపల్లి ప్రాంతపు నేతగాడొకడు ఉండెను. నా పూర్వ విద్యార్థికి తండ్రి. పెట్టెలోని చీరలను అందరును చేతిలోనికి తీసికొని మెచ్చుకొనుచుండగా, ఆయన మాత్రము దూరమునుండి చూచి ఊరకుండెను. నేనే పట్టుబట్టి అడిగితిని. "బట్టను మర్లేసి చూడు సారూ" అనెను. మర్లవేసి చూచితిని. లోపలివైపున ఎరుపు వెలిసి గులాబిరంగుగా నున్నది. ఏనుగులు మబ్బులో నడచుచున్నట్లున్నవి. అది నేసిన బొమ్మ కాదు, అద్దిన బొమ్మ. ఆరు చీరలును అట్టివే.

మాకు పోయినది కొంత సొమ్ము. ఆయనకు ఏమి పోయినదో ఆయన చెప్పలేదు. ఆరు చీరలనగా ఒక యింట భార్యాభర్తలకు కొన్ని వారముల పని. ఆ పని ఆ యింటికి రాక, ఆ పేరు మాత్రము దుకాణమునకు పోయినది.

ఈ ఉదంతమును తరగతిలో చెప్పితిని. పిల్లలు నవ్విరి. పదవ తరగతి బాలిక యొకతె మాత్రము నవ్వక లేచి, "సెల్‌ఫోను మన మొహం చూసి తెరుచుకుంటది గద సార్, చీర మొహం చూసి అసలుదో నకిలీదో చెప్పలేదా?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. దానిని వెదకుచు నేను చదివి తెలిసికొన్నదియు, పిల్లలతో కలిసి చేసి చెడి నేర్చుకొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందు బట్ట సంగతి. లోకమంతయు ఇకత్ అని పిలుచు ఈ విద్యకు ఆ పేరు మలయా భాషనుండి వచ్చినది. కట్టుట అని దాని అర్థము. మన నేతగాండ్రు దీనిని చిటికి అందురు. సాధారణముగా బట్ట నేసిన తరువాత దానిపై బొమ్మ వేయుదురు. చిటికి పనిలో బట్ట పుట్టకముందే పోగులపై బొమ్మ పుట్టును. నూలును కట్టలుగా చేర్చి సాగదీసి, రంగు అంటరాని చోట్ల రబ్బరు పీలికలతో బిగించి కట్టుదురు. రంగులో ముంచినప్పుడు కట్టు లేనిచోటనే రంగు పట్టును. ఆ కట్లు కొన్ని విప్పి, మరికొన్ని కట్టి, మరొక రంగులో ముంచుదురు. ఆ నూలును ఒక్కొక్క పోగుగా చూచినచో ఎరుపు, తెలుపు, నలుపు మచ్చలు తప్ప ఏమియు కనబడదు. మగ్గము మీదికెక్కి పోగు ప్రక్కన పోగు చేరినప్పుడు మచ్చ ప్రక్కన మచ్చ కుదురుకొని, చిలుక ముక్కు ఒకచోట, తోక మరొకచోట తేలివచ్చును. ఈ లెక్క అంతయు మొదట గళ్ళ కాగితముపై గీయబడును. ఒక గడి యనగా ఇన్ని పోగులని నియమము. కంప్యూటరు తెరమీది బొమ్మ చిన్న చిన్న గళ్ళ కూర్పు అని మనము నేడు పిల్లలకు పాఠము చెప్పుచున్నాము. నేతపల్లెలలోని పిల్లలు ఆ గళ్ళను బడికి రాకముందే ఇంట చూచియుందురు.

పేకకు చిటికి కట్టవలెనన్నచో ముందుగా నూలును ఆసు పోయవలెను. ఒకవైపు ఒక కొయ్య, ఎదుట అర్ధచంద్రాకారముగా వరుస కొయ్యలు. వానిచుట్టు పోగును చేతితో అటునిటు త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి ఆడవలెను. ఈ పని తరతరములుగా ఆడువారిది; భుజములు పడిపోవు పని. ఆలేరు సమీపమున శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి బాధ చూడలేక యేండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును సిద్ధము చేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చినది. యంత్రమనగానే నేతగానికి శత్రువని తలచువారు ఈ సంగతిని మరువరాదు. ఏ యంత్రమైనను ఎవరి భుజమునుండి బరువు దింపుటకు పుట్టినదో చూడవలెను.

పడుగున గాని పేకన గాని చిటికి కట్టుట ఒక యెత్తు. రెండింటను కట్టుట మరొక యెత్తు. అప్పుడు పడుగు మీది మచ్చయు పేక మీది మచ్చయు ఒకే చోట ఒకదానినొకటి కలిసికొనవలెను. వెంట్రుకవాసి తప్పినను బొమ్మ చెదరును. లోకమున ఈ జంట చిటికి నేయుచోట్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి: గుజరాతులో పటోలాలు నేయు పాటన్, బలి ద్వీపమున తెంగానన్ గ్రామము, జపానులో కొన్ని తావులు, మన తెలుగునేల. మన తేలియా రుమాలు ఈ జాతిదే. చీరాల ప్రాంతమున పేరుపొంది, పిదప పుట్టపాక నేతగాండ్ర చేతిలో నిలిచినది. నూలును నూనెలోను, బూడిద నీటిలోను నానబెట్టి మెత్తబరచుటచేత ఆ పేరు. ఒకప్పుడు అరబ్బు దేశములకు ఎగుమతియైన ఆ రుమాళ్ళలో పువ్వులు, చుక్కలతో పాటు గడియారములు, విమానములు కూడ కనబడును. విమానము ఎక్కని నేతగాడు విమానమును పడుగుపేకల గళ్ళలో ఎక్కించినాడు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది.

చెమ్మగిల్లినట్టి గీత అని పైన చెప్పితిని. దాని కారణము చెప్పవలెను. కట్టు ఎంత బిగించినను దాని అంచు క్రిందికి రంగు ఇంచుక ప్రాకును. మగ్గముపై పోగు ఇంచుక జరుగును. కావున చిటికి బొమ్మ అంచు కత్తితో కోసినట్లుండక ఈకవలె కరగియుండును. ఇది పనిలోని లోపము కాదు. ఆ పనికి పుట్టుమచ్చ. మన కథకు ఈ అంచే కీలకము.

ఇక యంత్రము సంగతి. చూచుట యనునది మనకెంత సులభమో యంత్రమునకు అంత కష్టము. దానికి బొమ్మ కనబడదు, అంకెలు కనబడును. ఛాయాచిత్రమును సన్నని గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో వెలుగు ఎంత యున్నదో అంకె వేసి దానికి అందింతుము. నిజమునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు వేర్వేరుగా మూడంకెలు వేయుదురు. లెక్క తేలిక యగుటకు ఒక్కటే తీసికొందము. ఈ అంకెల రాశిలో చిలుకను వెదకుట యెట్లు?

నల్లబల్లపై చేసి చూపదగిన లెక్క యొకటి చెప్పెదను. నలుపునకు 0, తెలుపునకు 9 అనుకొందము. అంచు స్పష్టముగా తెగిన అద్దకపు బట్టలో నలుపు తెలుపులు కలియుచోట ఒక అడ్డువరుస 0, 0, 0, 9, 9, 9 అని యుండును. దాని క్రింది రెండు వరుసలును అట్లే. ఇప్పుడు మూడు గళ్ళ పొడవు, మూడు గళ్ళ వెడల్పుగల చిన్న జల్లెడ నొకదానిని ఊహింపుడు. దాని ఎడమ నిలువు వరుసలోని మూడు గళ్ళలోను -1, నడిమి వరుసలో 0, కుడి వరుసలో 1 వ్రాయుడు. ఈ జల్లెడను అంకెలపై నుంచి, ఒకదానిపై నొకటి పడిన అంకెలను గుణించి, అన్నిటిని కూడుడు. పిదప ఒక గడి కుడికి జరిపి మరల కూడుడు. ఇట్లు నాలుగు చోట్ల చూడగా వచ్చు ఫలములు 0, 27, 27, 0.

చిటికి బట్టలో అదేచోట రంగు ఒక్కసారిగా మారదు. 0, 0, 3, 6, 9, 9 అని మెల్లగా మారును. అదే జల్లెడతో చూచినచో వచ్చు ఫలములు 9, 18, 18, 9. రెండు లెక్కలలోను మొత్తము 54 యే. మార్పు రెంటను సమానమే. ఒకచోట అది ఇరుకున విరుచుకొని పడినది, రెండవచోట పరచుకొని వచ్చినది. మనము కంటితో ఈకవంటి అంచు అనుకొన్నది యంత్రమునకు ఈ నాలుగంకెల తేడా. మా పిల్లలు ఈ లెక్కను చేసిన దినమున తమ చొక్కాల అంచులను, పుస్తకముల అట్టలను అన్నిటిని జల్లెడ పట్టిరి.

ఇట్టి జల్లెడలను మనుష్యులే ఆలోచించి తయారు చేయుట పూర్వమునుండి కలదు. డీప్ లెర్నింగ్ అను విద్యలోని విశేషమేమనగా, జల్లెడలో ఏ అంకెలు వేయవలెనో మనము చెప్పము. మొదట యంత్రము ఏవో తోచిన అంకెలు వేసికొనును. ఒక బొమ్మ చూపి ఇదేమియని అడుగుదుము. తప్పు చెప్పును. ఎంత తప్పెనో లెక్కించి, ఆ తప్పు కొంచెము తగ్గునట్లు ఆ అంకెలను కొంచెము మార్చుకొనును. మరల బొమ్మ, మరల తప్పు, మరల దిద్దుబాటు. ఎక్కములు వల్లెవేయు బాలునివలె విసుగులేక లక్షల మారులు ఇట్లు చేయగా జల్లెడలు కుదిరివచ్చును. ఒక జల్లెడ ఫలములను మరొక జల్లెడకు అందించుచు అంతస్తుమీద అంతస్తు కట్టుదురు. మొదటి అంతస్తు గీతలను పట్టును, ఆ పైది మూలలను, వంపులను, ఆ పైవి పలకలను, ఈకలను, చివరిది చిలుకను. అంతస్తుల లోతునుబట్టియే ఆ పేరు వచ్చినది. గాఢాభ్యసన మని తెలుగు చేసికొనవచ్చును గాని, నేర్పువారు నేర్చువారు ఇప్పటికి డీప్ లెర్నింగ్ అనియే అనుచున్నారు.

ఈ అంతస్తుల పద్ధతిని జపాను శాస్త్రజ్ఞుడు ఫుకుషిమా 1980లోనే ప్రతిపాదించెను. యాన్ లకున్ 1989లో దీనితో అమెరికా తపాలా కవరులమీది చేతివ్రాత అంకెలను చదివించెను. లోకము కన్ను తెరచినది మాత్రము 2012లో. టొరాంటో విశ్వవిద్యాలయమున క్రిజెవ్‌స్కీ, సట్స్‌కెవర్, హింటన్ అను మువ్వురు నిర్మించిన యంత్రము సుమారు 12 లక్షల ఛాయాచిత్రములు చూచి 1,000 రకముల వస్తువులను గుర్తింప నేర్చినది. ఒక్కొక్క చిత్రమునకు ఐదు ఊహలకు అవకాశమిచ్చిన ఆ పోటీలో రెండవ స్థానమున నిలిచినవారి తప్పులు నూటికి 26 కాగా, దీని తప్పులు 15. దానిలో మార్చి మార్చి కుదుర్చుకొన్న అంకెలు సుమారు 6 కోట్లు. హింటన్‌కు 2024లో మరొకరితో కలిపి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

ఇచ్చట ఒక మాట. ఈ గణనయంత్రములన్నియు మగ్గమునకు ఋణపడియున్నవి. ఫ్రాన్సు దేశీయుడు జాకార్డ్ 1804 ప్రాంతమున చిల్లులు పొడిచిన అట్టల వరుసతో మగ్గముపై బొమ్మలు నేయు పద్ధతిని రూపొందించెను. ఇంగ్లండులో బాబేజ్ తన గణనయంత్రమునకు ఆదేశములిచ్చుటకు ఆ చిల్లుల అట్టలనే వాడదలచెను. నేతనుండి పుట్టిన విద్య తిరిగి నేతను చూడవచ్చుట న్యాయమే.

కుక్కలను, పడవలను చూచి చూపు నేర్చిన యంత్రమునకు చీరలను నేర్పుటకు మరల ఓనమాలనుండి మొదలిడ నక్కరలేదు. అక్షరములు వచ్చిన బాలునికి క్రొత్త పద్యము నేర్పినట్లే. క్రింది అంతస్తులను అట్లేయుంచి పై అంతస్తులను దిద్దినచో చాలును. అందుచేత లక్షల చీరల చిత్రములు లేకున్నను, కొన్ని వేలతో, ఒక్కొక్కప్పుడు కొన్ని వందలతోనే పని సాగును. ఇండొనేషియాలో బాటిక్ బట్టలమీది పరాంగ్, కవుంగ్ మొదలగు సంప్రదాయపు అల్లికలను ఇట్లే గుర్తింపజేసిరి. అస్సామీయులు ప్రాణప్రదముగా చూచుకొను గమోసా చేతిమగ్గమున నేసినదో మరమగ్గమున నేసినదో సెల్‌ఫోను చిత్రముతో తెలిసికొను ప్రయత్నము గువాహటి పరిశోధకులు చేసిరి.

ఈ యంత్రములకొక వింత గుణము కలదు. 2019లో జర్మనీ పరిశోధకులు పిల్లి ఆకారమునకు ఏనుగు చర్మపు పోలికను తొడిగి చూపగా, మనుష్యులు పిల్లి యనిరి, యంత్రము ఏనుగనెను. ఆకారము కంటె పైపొర పోలికనే అది నమ్మును. లోకవ్యవహారమున ఇది దోషమే. బట్టల విషయమున మాత్రము వరమని నా అభిప్రాయము. బట్టకు తనదంటూ ఆకారమెక్కడిది? అది పైపొరయే గదా. ఈ ధైర్యముతోనే మేము పనికి పూనుకొంటిమి.

మా బడిలోని కంప్యూటరులో ఉచితముగా దొరకు సాధన మొకటి యున్నది. దానికి రెండు రకముల చిత్రములిచ్చి, ఇవి ఫలానా, అవి ఫలానా యని చెప్పినచో అది నేర్చుకొనును. పిల్లలు మా నేతగాని యింటికి పోయి, వసారాలో చాపమీద పరచిన చిటికి బట్టలను నూరు చిత్రములు తీసిరి. అద్దకపు బట్టలను, అందులో మా పెండ్లి చీరలు ఆరును, బడి బల్లలమీద పరచి మరి నూరు తీసిరి. యంత్రము నేర్చుకొన్నది. పరీక్షింపగా దాదాపు ఎక్కడను తప్పలేదు. బాలురు చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని.

మరునాడు ఒక బాలుడు మా పెండ్లి చీర నొకదానిని నేతగాని వసారాకు తీసికొనిపోయి, ఆ చాపమీద పరచి చిత్రము తీసెను. యంత్రము దానిని నేసిన బట్ట యని చెప్పెను. అసలైన చిటికి చీరను బడి బల్లమీద పరచి చూపగా అద్దినదని చెప్పెను. అది చీరలను చూడనే లేదు. చాపను, బల్లను చూచినది. రెంటిని వేరుచేయుటకు అంతకంటె సులభమైన గుర్తు దొరకినప్పుడు అది పోగులదాక పోవలసిన పనియేమి? 2016లో అమెరికా పరిశోధకులు ఇట్టి పొరపాటునే కావలెనని కల్పించి చూపిరి: వెనుక మంచు ఉన్నచో తోడేలు, లేనిచో కుక్క యని వారి యంత్రము నేర్చుకొన్నది. మేము కావలెనని చేయలేదు, తెలియక చేసితిమి. పరీక్షలో ప్రశ్న సంఖ్యనుబట్టి జవాబు బట్టీపట్టిన విద్యార్థులు ప్రతి ఉపాధ్యాయునికి తెలిసినవారే.

మరొక కొంటె బాలుడు గేదె బొమ్మను చూపెను. అద్దిన బట్ట యని యంత్రము ఏ మాత్రము సంకోచింపక చెప్పెను. దానికి మనమిచ్చిన జవాబులు రెండే. తెలియదను జవాబు నేర్పలేదు. ఉన్న రెంటిలో ఒకటి చెప్పక దానికి గత్యంతరము లేదు. సెల్‌ఫోను తెరపై నూటికి ఇన్ని పాళ్ళు నిజమని కనబడు అంకెను చూచి పరవశించువారు ఈ గేదెను జ్ఞాపకముంచుకొనవలెను.

పిల్లలు ఖిన్నులై యుండగా నేతగానిని బడికి పిలిపించితిని. ఆయన తరగతిలో నేలమీద కూర్చుండి, మా చీరను చేతిలోనికి మొదటిసారి తీసికొనెను. ఈకవంటి అంచు ఈ నకిలీలో కూడ నున్నదే, మరి మీరు దూరమునుండి ఎట్లు కనిపెట్టితిరని అడిగితిని. అచ్చులు తయారు చేయువారు అసలు చీరనే చూచి దించుకొందురు గనుక ఆ అంచు కూడ దిగునని ఆయన చెప్పెను. కాని రెండు చిలుకలను ప్రక్కప్రక్కన చూపి, "రెండు చిలుకలు అచ్చం ఒక్కతీరుగ ఉన్నయంటే అది మగ్గం పని గాదు సారూ" అనెను.

నేను భూతద్దము తెచ్చి చూచితిని. నిజమే. అద్దిన చీరలో మొదటి చిలుక తోకవద్ద మూడు పోగులు ఎంత జరిగియున్నవో, పదవ చిలుక తోకవద్దను అంతే జరిగియున్నవి. అచ్చు మరల మరల పడిన కొలది అదే పొరపాటు అదేచోట మరల పడినది. నేసిన చీరలో ఏ చిలుకకు ఆ చిలుకయే. పేక లాగినప్పుడెల్ల చేయి పడిన తీరు వేరు. నకిలీలో తప్పులు కూడ నకిలీలే. అసలులో ప్రతి తప్పును క్రొత్తది.

ఇది యంత్రమునకు నేర్పదగిన సంగతి. ఒక్క చిలుకను చూపి ఏమి యని అడుగుటకు మారుగా, ఒకే చీరలోని రెండు చిలుకలను ఎదురెదురుగా పెట్టి వీని భేదమెంతయని అడుగవలెను. అట్లే బట్టకు ముందువైపు చిత్రమే కాక వెనుకవైపు చిత్రమును కూడ ఈయవలెను. చిటికి బట్టకు ముందు వెనుకలు దాదాపు సమానము. పోగు లోపలిదాక రంగు పట్టియుండును గదా. ఈ రెండు మాటలును ఏ గ్రంథమునుండియు మాకు రాలేదు. తరగతి నేలమీద కూర్చున్న నేతగానినుండి వచ్చినవి.

అయినను యంత్రమునకు అందనివి కొన్ని యున్నవి. చిటికి కట్టిన నూలునే మరమగ్గముపై నేసినచో పై గుర్తులు చాలవు. అప్పుడు బట్ట వెడల్పు సాగియుండుటకు నేతగాడు అంచులయందు గ్రుచ్చు సూదుల జాడలవంటి చిన్న సాక్ష్యములను వెదకవలెను. ఇంకను పెద్ద చిక్కు ఊరి విషయమున. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు బొమ్మకు కాదు. ఫలానా తావున ఫలానా విధమున నేసిన బట్టకు. పాటన్ పటోలా అల్లికలను మన నేతగాండ్రు ఏనాటినుండియో నేయుచున్నారు. అట్టి చీర చిత్రమును చూచి అల్లిక పేరు యంత్రము చెప్పగలదు. ఏ ఊరి మగ్గమునుండి దిగినదో బొమ్మలో వ్రాసియుండదు.

ఈ పనిలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది యంత్రము కాదు, ఒక పాత పుస్తకము. 1866లో లండనులో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను ఆయన భారతదేశపు వస్త్రముల గురించి 18 సంపుటములు సిద్ధపరచెను. అందులో ఉన్నవి వర్ణనలు కావు. నిజమైన బట్ట ముక్కలు. మన దేశపు నలుమూలలనుండి వచ్చిన బట్టలనుండి 700 నమూనాలు కత్తిరించి, కొలతలతో, వివరములతో అట్టలపై అంటించిరి. ఇట్టివి 20 ప్రతులు చేసి 13 బ్రిటనులోను, 7 మన దేశమునను ఉంచిరి. ఉద్దేశ్యము దాపరికమైనది కాదు: ఇచ్చటి జనులకు ఏ అంచు, ఏ పోగు, ఏ రంగు ఇష్టమో అచ్చటి మిల్లు యజమానులు తెలిసికొని, అట్టి బట్టలు నేసి ఇచ్చటికి పంపవలెను. నేతగాండ్ర పేర్లు ఆ పని కక్కరలేదు. బట్టలు మాత్రము కావలెను.

నేడు డీప్ లెర్నింగ్ కొరకు చీరల చిత్రములు వేలకొలది పోగుచేయువారు చేయుచున్న పనియు నమూనాల పుస్తకము కట్టుటయే. అది తగినదని నేనందును. అది లేనిదే మా బాలిక ప్రశ్నకు సమాధానము లేదు. కాని అసలును గుర్తింప నేర్చిన యంత్రమునకు అసలువంటి దానిని గీయ నేర్పుట పెద్ద దూరము కాదు. బొమ్మలు గుర్తించు యంత్రముల వెంటనే బొమ్మలు కల్పించు యంత్రములును వచ్చినవి. వేయి చిలుకలను వేయి విధములుగా, ఒక్కొక్క తోకవద్ద ఒక్కొక్క క్రొత్త తప్పుతో గీయుమనినచో అదియు గీయును. ఆ దినమున మన భూతద్దపు పరీక్ష కూడ నీరుగారును. వెనుకవైపు చూచుట, పోగు లాగి చూచుట మాత్రమే మిగులును. కావున చిత్రములు ఎవరి యొద్ద నుండవలెను, ఎవరి అనుమతితో వాడవలెను అను ప్రశ్నను నేత సహకార సంఘములు ఇప్పుడే అడుగుట మంచిది. 1866లో అడుగుటకు ఎవరును లేరు.

మా పిల్లలు మరల మొదలిడిరి. ఈసారి అన్ని బట్టలను ఒకే చాపమీద, ఒకే వెలుగులో, ముందొకటి వెనుకొకటిగా చిత్రములు తీయుచున్నారు. ఏది నేసినదో ఏది అద్దినదో నేతగాడు చూచి చెప్పిన పిమ్మటనే వ్రాయుచున్నారు. ప్రశ్న అడిగిన బాలికయే లెక్కల పుస్తకమునకు పెత్తనదారు. చిత్రము సంఖ్య, ముందువైపు, వెనుకవైపు, నేసినదా అద్దినదా యని గళ్ళు గీసి చక్కగా నింపుచున్నది. మొన్న శనివారమున నేతగాడు ఆ పుస్తకమును తిరుగవేసి చూచి, "అన్నీ రాసినవ్ గని, నేసినోళ్ల పేరు ఏది బిడ్డా?" అని అడిగెను.

ఆమె నాలుక కరచుకొని, రూళ్ళకర్రతో మరొక గడి గీసి, "ఈ చీరకు ఎవరి పేరు రాయాలె తాతా?" అనెను.

ఆయన కొంతసేపు ఆలోచించెను. "చిటికి కట్టింది మా ఇంటామె. నేసింది నేను" అనెను.

బాలిక ఆ గడిని నడుమ గీత గీసి రెండుగా చేసినది.